ముందు పేజీ

నవంబరు 4, సోమవారం

ఉద్యోగంలో చేరి అయిదు నెలలు దాటింది. నన్ను ఉంచుకుంటారో పొమ్మంటారో ఈ నెలాఖరుకి తేలుతుంది. సరిగ్గా ఇప్పుడే మా టీమ్ లీడ్ సాయిశంకర్ గారు, నాకంటే నాలుగేళ్లు మాత్రమే చిన్నదైన ఒక సాఫ్ట్‌వేర్‌ని తెచ్చి నా నెత్తిన పెట్టారు. దాని వయసు ఇరవై ఒకటి. పెళ్లి చేసేయొచ్చు.

వన్ టౌన్‌లో ఓడల సరుకు దింపించే ఏజెన్సీ వాళ్లది. ఏ ఓడలోంచి ఏ లారీ ఎన్ని టన్నులు ఎత్తుకెళ్లిందో ఇందులో ఎక్కిస్తారు. స్క్రీన్ మూడు ముక్కలుగా ఉంటుంది. ఎడమ పక్క ఓడల జాబితా. పైన మనం ఎంచుకున్న ఓడ పేరు, పెద్ద అక్షరాల్లో. మధ్యలో లారీ వివరాలు రాసే పేజీ. మూడూ మూడు ఫ్రేములు, ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేని తోడికోడళ్లు. జాబితాలో ఓడ మీద నొక్కితే మిగతా రెండూ మారాలి. మారుతున్నాయి. నా కళ్లతో చూశాను.

అయినా ఫిర్యాదు వచ్చింది. అదీ మెయిల్ కాదు, ఉత్తరం. తెల్లకాగితం మీద స్కేలు పెట్టి మార్జిన్ గీసి, గుండ్రటి అక్షరాలతో రాసినదాన్ని ఎవరో ఫొటో తీసి పంపారు.

'అయ్యా, ముందు పేజీకి వెళ్లినప్పుడు పైనున్న ఓడ పేరు మారడం లేదు. దయచేసి సరిచేయగలరు. ఇట్లు, ఎం. మంగాయమ్మ, ఎంట్రీ సెక్షన్.'

పోయిన నెల పదకొండు బొగ్గు లారీలు ఎరువు ఓడ లెక్కలో పడ్డాయట. పడేసింది ఈ మంగాయమ్మ గారేనట.

నవంబరు 6, బుధవారం

మధ్య పేజీలో అడుగున ఒక బాణం గుర్తుంది. నొక్కితే వరుసలో తర్వాతి ఓడకి తీసుకెళ్తుంది. ఈవిడ చెప్పే ముందు పేజీ అదే అయ్యుండాలి. పొద్దున్నుంచీ అదే నొక్కుతున్నాను. ముందుకి, ముందుకి, ముందుకి. రెండు వందల పన్నెండు సార్లు. ప్రతిసారీ పేరు బుద్ధిగా మారింది.

అమ్మ ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగితే కూడా "ముందుకి" అన్నాను.

నవంబరు 7, గురువారం

రిపోర్టు పంపేశాను. 'అప్లికేషన్‌లో ఎటువంటి లోపమూ లేదు. వాడేవారి పొరపాటు.' కింద నా పేరు.

సాయిశంకర్ గారు చదివి బొటనవేలు చూపించారు. "బాగా రాసినావు ఫెబా. రెండు లైన్లల తేల్సీసినావు."

ఆడలేక మద్దెల ఓడు అని ఊరికే అనలేదు పెద్దలు. ఇరవై ఏళ్లుగా వాడుతున్న మనిషికి జాబితాలో సరైన ఓడ మీద నొక్కడం రాకపోతే నేనేం చేయను?

నవంబరు 8, శుక్రవారం

ఆ మార్జిన్ ఎంత తిన్నగా గీసిందో. ఎందుకు గుర్తొస్తోందో తెలియదు.

నవంబరు 10, ఆదివారం

ఈరోజు చర్చిలో మా నాన్న పరువు పోయింది. రాసుకోకపోతే నవ్వు ఆగేలా లేదు.

స్టీల్ ప్లాంటులో ముప్ఫై రెండేళ్లు క్రేన్ నడిపి రిటైరైన దయానందం గారికి ఇప్పుడున్న ఏకైక పదవి, చర్చి గోడ మీది పాటల బోర్డు. శనివారం సాయంత్రం పాస్టరు యోహాన్ అయ్యగారు పాటల నంబర్ల చీటీ ఇస్తారు. నాన్న ఆ చీటీ చూసి ఆదివారం పొద్దున్నే చెక్క అంకెలు బోర్డులో దోపుతారు. అదీ పద్ధతి.

ఇవాళ అయ్యగారు ప్రసంగం మీద మంచి ఊపులో ఉండి, అనుకున్న పాట మానేసి ఇంకోటి ఎత్తుకున్నారు. మైకు సగంలో మూగబోయింది. ముందు బెంచీలవాళ్లు అయ్యగారి వెంట పోయారు, వెనక బెంచీలవాళ్లు బోర్డు వెంట పోయారు. అమ్మ ఒక పాట, నాన్న ఒక పాట, ఒకే బెంచీలో. కీబోర్డు వాయించే జాక్సన్ రెండింటికీ సరిపడే రాగం కోసం కాసేపు వెతికి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చేదాకా నాన్న ముఖం మాడ్చుకునే ఉన్నారు. "నాను సీటీ సూసి పెట్టినాను. అయ్యగారు మనసు మార్సుకుంటే బోర్డుకి ఎలాగ తెలుస్తాది?"

"మీరు చెవులు పెట్టుకుని వినాలి కదా," అంది అమ్మ.

"అయితే ఇంక సీటీ నమ్మను. పాట సెవిలో పడ్డాకే నంబరు పెడతాను," అన్నారు నాన్న, చేపల పులుసు కలుపుకుంటూ.

నవంబరు 12, మంగళవారం

చాలా రాయాలి. చెయ్యి నొప్పెట్టినా సరే.

కొత్త ప్రింటరు కలపడానికి వన్ టౌన్ ఆఫీసుకి పంపారు. ఆటో లోపలికి రాదని సందు మొదట్లోనే దింపేశాడు. పప్పు బస్తాల మధ్య నుంచి పక్కకి తిరిగి నడుస్తూ మెట్లెక్కాను. మేనేజరు శ్రీరామ్మూర్తి గారు నన్ను చూడగానే కుర్చీ వేయించారు. నాకు కుర్చీ వేయించడం ఇదే మొదటిసారి, తెగ మురిసిపోయాను.

"మీ రిపోర్టు బాగా పనికొచ్చిందమ్మా. మంగాయమ్మ గార్ని ఒకటో తారీకు నుంచి పాత ఫైళ్ల గదికి మారుస్తన్నాం. పొరపాటు నాదేనని ఆవిడ ఇరవయ్యో తారీకులోగా రాసిస్తే సరిపోతాది. ఇంకా పద్నాలుగు నెలల సర్వీసుంది, మరీ గట్టిగా పోలేం కదా."

కుర్చీ ఒక్కసారిగా ఇరుకైపోయింది.

ఎంట్రీ సెక్షన్ అంటే కిటికీ పక్కన ఒక బల్ల. చిన్న మనిషి, చేతికి రెండే గాజులు, కళ్లజోడుకి తాడు. తణుకు దగ్గర పుట్టి, పోర్టులో పనిచేసే భర్తతో ముప్ఫై ఏళ్ల కిందట ఇక్కడికొచ్చారట. మాటలో ఆ తీపి ఇంకా పోలేదు.

"రండమ్మాయిగారూ. మంచినీళ్లు తాగుతారాండీ?"

ఆవిడ బల్ల మీద ఒక తెల్లకాగితం ఉంది. మార్జిన్ గీసి ఉంది. ఎడమ పక్క పైన ఒక్క సిరా చుక్క ఉంది. అంతే.

"మార్జిన్ గీసి నాలుగు రోజులైందండి," అన్నారు నేను చూడటం చూసి. "కలం పెడతాను, చుక్క పడుద్ది, అక్కడితో ఆగిపోద్దండి. చెయ్యని పని చేశానని ఏ అక్షరంతో మొదలెట్టాలో తెలీటం లేదండి."

ఆ రిపోర్టు రాసింది నేనేనని చెప్పలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. ఎవరో ఇందాకటి ఓడ సంగతి అడుగుతున్నారు. ఆవిడ ఫోను భుజానికి ఆనించుకుని, స్క్రీన్ పైనున్న బ్రౌజర్ బాణం, వెనక్కి వెళ్లేది, ఒక్కసారి నొక్కారు. మధ్య పేజీ ఎరువు ఓడ నుంచి బొగ్గు ఓడకి మారింది. పైన పేరు మాత్రం ఎరువు ఓడదే. జాబితాలో పసుపు గీత కూడా ఎరువు ఓడ మీదే.

స్క్రీన్ మీదకి వంగాను.

"మంగాయమ్మ గారూ, అదేంటి నొక్కారు?"

"ముందు పేజీకండి."

"అది వెనక్కి కదా!"

ఆవిడ కళ్లజోడు తీసి నన్ను చూశారు, పసిపిల్లని చూసినట్టు. "ఇంతకు ముందు చూసిన పేజీ అండి. ముందు చూసింది ముందు పేజీ కాక వెనక పేజీ అవుద్దాండీ?"

"జాబితాలో నొక్కొచ్చు కదా?"

"అందులో నలభై ఓడలుంటాయండి. ఫోన్లో మనిషి అరుస్తుంటే ఎక్కడ వెతకనండీ? ఇప్పుడే చూసింది కదా, ఒక్క నొక్కు నొక్కితే వచ్చేస్తుందండి."

"పేరు మారలేదని మీకు తెలుసు కదా, మరి లారీలు..."

"తెలిసే కదండీ ఉత్తరం రాశాను! పైన పేరు నమ్మి ఎక్కించేశానండి, లారీలు పడింతర్వాత తెలిసింది. ఇప్పుడైతే పేరు చూడనండి, టన్నులు చూసి పోల్చుకుంటున్నాను. ఆయ్."

తిరుగు బస్సులో మా పెందుర్తి వచ్చేదాకా ఒకటే ఆలోచన. ముందు రోజు అంటే నిన్న. ముందున్న రోజులు అంటే రేపు. ముందు తరం అంటే తాతలు, ముందు తరాలు అంటే మనవలు. నేను తెలుగులోనే పుట్టి, తెలుగులోనే తిట్లు తిని పెరిగి, ఒక్కసారైనా 'ఏ ముందు అండీ?' అని ఆవిడకి ఫోన్ చేసి అడగలేదు. రెండు వందల పన్నెండు సార్లు తప్పు వైపు పరుగెత్తి, దారి బాగానే ఉందని సంతకం పెట్టాను.

మద్దెల నిజంగానే ఓడు. ఆడలేనిదాన్ని నేను.

నవంబరు 13, బుధవారం

సాయిశంకర్ గారికి చెప్పేశాను. ఆయన కుర్చీలో గుండ్రంగా ఒక చుట్టు తిరిగి ఆగారు.

"ఏటి, మన రిపోర్టు తప్పని మళ్లీ మనమే రాత్తామా? ప్రొబేషన్‌ల ఉన్నావు, గుర్తుందా?"

"గుర్తుందండీ. ఆవిడకి కాగితం రాసిచ్చే గడువు కూడా గుర్తుంది."

ఆయన జాలరిపేట మనిషి. ఒప్పుకోవడానికి ముందు ఒకసారి సముద్రం వైపు చూడటం అలవాటు. మా కిటికీ లోంచి సముద్రం కనబడదు, ఎదురింటి నీళ్ల ట్యాంకు కనబడుతుంది. దాన్నే చూశారు.

"సరే. ఇరవైకి ఆళ్ల ఆఫీసులనే సేసి సూపించు. పని సేత్తే నాను నీ పక్కన నిలబడతాను. సెయ్యకపోతే ఆ రెండు లైన్లే ఉంటాయి. ఆవిడా నువ్వూ ఇద్దరూ పోతారు."

నవంబరు 14, గురువారం

నాన్న మాట పట్టుకున్నాను. చీటీ నమ్మకూడదు, పాట వినాలి.

ఇన్నాళ్లూ జాబితాలో ఏది నొక్కామో దాన్ని బట్టి పైన పేరు పెడుతున్నారు. అది చీటీ. బాణం నొక్కి వెనక్కి, అదే, ముందుకి, సరే ఏదో ఒక పక్కకి వెళ్తే, చీటీ మారదు, పాట మారుతుంది. కాబట్టి ఇకనుంచి మధ్య పేజీ తెరుచుకోగానే తనే 'నేను బొగ్గు ఓడని' అని అరవాలి. ఎలా వచ్చినా సరే, వచ్చిన పేజీ అరవాలి. ఆ అరుపు విని జాబితా గీత మార్చుకోవాలి, పైన పేరు మారాలి.

ఇంత తేలికా? నేను తెలివైనదాన్నే.

నవంబరు 15, శుక్రవారం

తెలివైనదాన్ని కాదు.

పేజీ అరిచింది. జాబితా విన్నది. విని, అత్యుత్సాహంతో ఆ ఓడని తనే మళ్లీ నొక్కింది. నొక్కేసరికి పేజీ మళ్లీ తెరుచుకుంది. తెరుచుకుని మళ్లీ అరిచింది. జాబితా మళ్లీ నొక్కింది. స్క్రీన్ అంతా పెళ్లి పందిట్లో సీరియల్ లైట్లలా టపటపా కొట్టుకుంటోంది. సాయిశంకర్ గారు వెనకాలొచ్చి నిలబడి, "ఏటిది, దీపావళి అయిపోయింది కదా," అన్నారు.

నవంబరు 16, శనివారం

ఇంకా కొట్టుకుంటోంది. అమ్మ మీద అరిచాను. అమ్మ తిరిగి అరిచింది. నేను మళ్లీ అరిచాను. ఇదీ అదే జబ్బు.

నవంబరు 17, ఆదివారం

హల్లెలూయ. ఇది మామూలు హల్లెలూయ కాదు.

నాన్న అన్నంత పనీ చేశారు. బోర్డు ఖాళీగా ఉంచి, దాని పక్కనే అంకెల డబ్బాతో నిలబడ్డారు, క్రేన్ కింద సిగ్నల్ ఇచ్చేవాడిలా ఠీవిగా. అయ్యగారు పాట ఎత్తుకున్నారు. నాన్న పల్లవి విన్నారు, తల ఊపారు, నంబరు దోపారు. బాగుంది.

బోర్డు మీద నంబరు పడటం చూసిన జాక్సన్, పాట ఇప్పుడు మొదలవ్వాలి కాబోలనుకుని, పల్లవి మళ్లీ మొదటి నుంచి వాయించాడు. జనం జాక్సన్ వెంట మళ్లీ పల్లవికి వచ్చారు. మళ్లీ పల్లవి వినబడేసరికి నాన్న, అయ్యగారు పాట మార్చారనుకుని అంకెలు లాగేసి, విని, అదే నంబరు మళ్లీ దోపారు. జాక్సన్ మళ్లీ మొదలెట్టాడు.

మూడోసారికి నేను బెంచీలో లేచి నిలబడ్డాను. ఆత్మ దిగివచ్చిందని పక్కావిడ చేతులెత్తింది. దిగివచ్చింది ఆత్మ కాదు, నా కోడ్.

నాలుగోసారి యోహాన్ అయ్యగారు పాట ఆపి, నవ్వు ఆపుకోలేక అన్నారు: "జాక్సన్, బోర్డు చూపించడానికి బాబూ. పాట ఎత్తుకోడానికి కాదు. దయానందం గారూ, ఉన్న నంబరే అయితే ముట్టుకోకండి."

ఆ రెండు వాక్యాలూ చేతి మీద పెన్నుతో రాసుకున్నాను. జాబితా గీత చూపించాలి, అంతేగాని నొక్కకూడదు. ఉన్న ఓడే అయితే ముట్టుకోకూడదు.

బయటికొచ్చాక నాన్న బిక్కముఖం వేశారు. "ఇయ్యాల కూడా నవ్వీసారే అమ్మీ."

నాన్నని గట్టిగా కౌగిలించుకున్నాను, చర్చి మెట్ల మీదే, అందరి ముందూ. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. "ఏటైందే, ఏటైంది," అంటూ వీపు తట్టారు.

నవంబరు 18, సోమవారం

వెనక్కి, వెనక్కి, వెనక్కి. రెండు వందల పన్నెండు సార్లు. లెక్క సరిపోవాలి కదా.

ప్రతిసారీ పేరు మారింది. గీత మారింది. లైట్లు కొట్టుకోలేదు.

నవంబరు 20, బుధవారం

మంగాయమ్మ గారి బల్ల చుట్టూ అయిదుగురం నిలబడ్డాం. నన్నే చేసి చూపించమన్నారు. నేను చేయనన్నాను. "ఆవిడ కుర్చీ అది. ఆవిడే చేయాలి," అన్నాను. గొంతు ఎక్కువే పలికింది.

మంగాయమ్మ గారు కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నారు. బొగ్గు ఓడ నొక్కారు, తర్వాత ఎరువు ఓడ నొక్కారు, తర్వాత పైనున్న బాణం. మధ్యలో బొగ్గు ఓడ వచ్చింది. పైన పేరు బొగ్గు ఓడ. జాబితాలో పసుపు గీత నెమ్మదిగా, వినయంగా, బొగ్గు ఓడ మీదకి జరిగింది. ఆవిడ మళ్లీ నొక్కారు. ఇంకోసారి నొక్కారు. ఆరేడు సార్లు అటూ ఇటూ తిరిగి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"ఆయ్," అన్నారు. అంతే.

శ్రీరామ్మూర్తి గారు గడ్డం గోక్కున్నారు. "ఇప్పుడు బాగుంది సరే. మరి మీ రిపోర్టుల వాడేవారి పొరపాటని ఉంది కదా?"

కొత్త రిపోర్టు పైకే చదివాను. 'లోపం అప్లికేషన్‌లోనే ఉంది. పాత పేజీకి వెళ్లినప్పుడు పైన పేరు అబద్ధం చెప్పేది. శ్రీమతి మంగాయమ్మ ఆ సంగతి స్పష్టంగా రాసి తెలిపారు. ముందు అన్న మాటని పరీక్షించినవారు తప్పుగా అర్థం చేసుకున్నారు. పొరపాటు పరీక్షించినవారిది.' కింద నా పేరు.

సాయిశంకర్ గారు మాట తప్పలేదు. అడుగు ముందుకేసి నా పక్కన నిలబడ్డారు. "సంతకం ఆ పిల్లదే గాని, పంపింది నాను సార్. తప్పు మా ఇద్దరిదీ. మంగాయమ్మ గారిది మాత్రం గాదు."

శ్రీరామ్మూర్తి గారు కొత్త రిపోర్టు తీసుకుని మళ్లీ చదివారు. కింద సందు మొదట్లో ఆటో హారన్ మోగుతూనే ఉంది.

"అయితే ఫైళ్ల గది మాట మానేద్దాం," అన్నారు శ్రీరామ్మూర్తి గారు చివరికి. "మంగాయమ్మ గారూ, ఆ కాగితం అక్కర్లేదండి."

ఆవిడ నా వైపు తిరిగారు. తిడతారనుకున్నాను. తిట్టే హక్కు ఉంది కూడా.

"ఆ రెండు లైన్లు మీరు రాసినవేనాండీ?"

"నేనేనండి. క్షమించండి."

"మరి నాకు ఫోన్ చేసి అడగొచ్చు కదండీ? కూర్చోండి, కజ్జికాయలు తెచ్చాను. ఇవాళ ఏదో ఒకటి తేలిపోద్ది కదా, ఏడుపైనా నవ్వైనా నోట్లో తీపుండాలని తెచ్చానండి."

నాలుగు తిన్నాను. మధ్యలో ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆవిడ చెప్పింది నిజమే, తీపుంటే రెండూ తేలికే. సాయిశంకర్ గారు ఆరు తిన్నారు.

నవంబరు 21, గురువారం

ఇవాళ ఏమీ జరగలేదు. ఎంత బాగుందో.

నవంబరు 24, ఆదివారం

బోర్డు, పాట, జాక్సన్, ముగ్గురూ ఒకే పాటలో ఉన్నారు. నాన్న కాలర్ ఎగరేశారు. చర్చిలో కాలర్ ఎగరేయకూడదని అమ్మ గిల్లింది.

నవంబరు 29, శుక్రవారం

ఇవాళ రెండు కాగితాలు వచ్చాయి.

ఒకటి కంపెనీది. ఉద్యోగం ఖాయమైందట. నాన్న దాన్ని పటం కట్టించాలంటున్నారు.

రెండోది వన్ టౌన్ నుంచి. ఫొటో కాదు, అసలు కాగితమే, కవర్లో పెట్టి పోస్టులో పంపారు. స్కేలుతో గీసిన మార్జిన్. గుండ్రటి అక్షరాలు.

'ఫెబా గారికి, ఓడ పేరు ఇప్పుడు చక్కగా మారుచున్నది. అయితే ముందు పేజీకి (ఇక్కడ ముందు అనగా ఇంతకు ముందు చూసినది) వెళ్లి వచ్చాక జాబితా మొదటికి ఎగిరిపోవుచున్నది. నేనున్న చోటు మళ్లీ వెతుక్కోవలసి వచ్చుచున్నది. ఇక ముందు (ఇక్కడ ముందు అనగా ఇకమీదట) అలా జరగకుండా సరిచేయగలరు. ఇట్లు, ఎం. మంగాయమ్మ, ఎంట్రీ సెక్షన్.'

ఎంట్రీ సెక్షన్ అన్న మాటని రెండుసార్లు చదువుకున్నాను. తర్వాత గమనించాను, 'ఫె' మొదలైన చోట సిరా కొంచెం ముద్దగా ఉంది. కాగితాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను. ఆ పాత చుక్కే. తప్పు నాదని రాయలేక ఆవిడ కలం ఆగిపోయిన చుక్క. అక్కడి నుంచే నా పేరు మొదలెట్టారు.

పటం కట్టిస్తే ఈ కాగితానికే కట్టించాలి.

రేపు జాబితా సంగతి చూడాలి. ముందు అదే.